సిగరెట్టు వదిలిన కాళ్లకి పరుగు అలవాటు చేయడం: సున్నా నుంచి 21 కిలోమీటర్ల దాకా

పొద్దున్నే మా విజయనగరం అయోధ్య మైదానంలో ఎవరో ఒకరు ఆపి అడుగుతూనే ఉంటారు. "అప్పట్లో రోజుకో పెట్టె ఊదేసేవారు కదా, ఇప్పుడు ఇంతింత దూరం ఎలా పరిగెడుతున్నారు?" నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు. చెప్పినా మర్నాడే బూట్లు కొనేసి, నాలుగు రోజులు వీర పరుగు పరిగెత్తి, ఐదోరోజు మోకాలు పట్టుకుని కూర్చుంటారు. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాదు, కోచ్‌నీ కాదు. పదహారేళ్లు సిగరెట్టు, వారానికి రెండు మూడు రాత్రులు మందు, పగలంతా కుర్చీ. 41వ ఏట మొదలుపెట్టాను. మొదటిరోజు మైదానంలో సగం చుట్టు కూడా కాకుండానే గోడకి ఆనుకుని దగ్గాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఊపిరి తొందరగా బాగుపడుతుంది, కాళ్లు ఆలస్యంగా గట్టిపడతాయి. సిగరెట్టు మానిన రెండు మూడు నెలల్లోనే ఆయాసం తగ్గడం మీకే తెలుస్తుంది. ఎముకలు, కీళ్లు, మడమ వెనక స్నాయువు పరుగు బరువుకి అలవాటు పడటానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. మూడో నెలలో ఊపిరి "ఇంకా పద" అంటుంటే కాళ్లు "ఆగు" అంటుంటాయి. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ ఆ నెలలో తగిలినవే. కింద రాసిన వారాలు మీకు మరీ నెమ్మదిగా అనిపిస్తే కారణం అదే.

1. బూట్ల కంటే ముందు పరీక్షలు

నలభై దాటినా, సిగరెట్టు కాల్చిన చరిత్ర ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా డాక్టర్ని కలవకుండా పరుగు మొదలుపెట్టకండి. ఈసీజీ చాలా, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండెని చూసే పరీక్ష) కూడా కావాలా అన్నది డాక్టరు నిర్ణయించాలి.

అడిగి చేయించుకోవాల్సినవి:

- బీపీ. 140/90 దాటి ఉంటే ముందు అది అదుపులోకి రావాలి.
- పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు). హెచ్‌బీఏ1సీ 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగరు ఉన్నట్టే, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు.
- కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్.
- సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), మూత్ర పరీక్ష.
- నడుము కొలత, బొడ్డు దగ్గర టేపు పెట్టి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే పొట్ట ఎక్కువైనట్టు. బరువు కంటే ఈ కొలతే నిజం చెబుతుంది.

క్రియాటినిన్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. మన పక్కనే, శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని కుదిపేసిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ వైపు పుట్టి పెరిగినవాళ్లయినా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నా ఈ పరీక్ష దాటేయకండి. దూరం పరుగులో ఒళ్లు ఎండిపోతుంది; దానికి నొప్పి మాత్రలు తోడైతే భారమంతా కిడ్నీల మీదే పడుతుంది.

ఇవి కనిపిస్తే పరుగు ఆపేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి: ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఆగి నిలబడినా తగ్గని ఆయాసం. "గ్యాసేమో" అని సోడా తాగి ఇంట్లో పడుకోకండి.

2. అలవాట్లు: ఏది ఎలా వదలాలి

చాలామంది "ముందు సిగరెట్టు పూర్తిగా మానేసి, తర్వాత నడక మొదలుపెడతా" అంటారు. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. చేతులు ఖాళీగా ఉన్న మనిషికి సిగరెట్టు మానడం కష్టం.

సిగరెట్టు, బీడీ, చుట్ట, ఖైనీ. తేదీ పెట్టుకోండి, వారం రోజుల లోపే. ఆ ముందురోజు రాత్రి పెట్టెలు, లైటర్లు, యాష్‌ట్రే, బండి డిక్కీలో దాచినవి కూడా పారేయండి. మొదటి మూడు నాలుగు రోజులే గట్టిగా ఉంటాయి. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మలబద్ధకం రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి.

లాగాలనిపించే కోరిక ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంటుంది. ఆ ఐదు నిమిషాలకే పని చూసుకోవాలి. నేను వీధి చివరిదాకా నడిచి వచ్చేవాణ్ని. రోజుకి పది సార్లు లాగాలనిపిస్తే పది సార్లు నడిచేవాణ్ని. లెక్క చూస్తే నా మొదటి వారం నడక అంతా అదే.

నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగించే అలవాటుంటే నికోటిన్ మీద బాగా ఆధారపడ్డట్టు. అలాంటివాళ్లు డాక్టర్ని అడిగి నికోటిన్ గమ్ వాడితే మేలు. దాన్ని బబుల్‌గమ్‌లా కసకసా నమలకూడదు. ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలేయాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు టీ, కాఫీ తాగకూడదు. సాయానికి జాతీయ పొగాకు విముక్తి ఫోన్ లైన్ ఉంది: 1800-11-2356. డబ్బు పడదు.

మానిన మొదటి వారాల్లో దగ్గు, కఫం పెరగొచ్చు. భయపడి "కాలిస్తేనే బాగుండేది" అనుకోకండి. ఊపిరిగొట్టాలు తమని తాము ఊడ్చుకోవడం మళ్లీ మొదలుపెట్టాయి, అంతే. మూడు వారాలైనా తగ్గకపోయినా, రక్తం పడినా డాక్టరుకి చూపించాలి.

మన ఊళ్లలో అడ్డపొగ వేసే అమ్మలు ఇంకా ఉన్నారు, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకి పొగ ఇంటి వాసనే. అమ్మని తిట్టి మాన్పించలేరు. అంగిలి మీద తెల్లమచ్చలు, మానని పుళ్లు ఉన్నాయేమో చూడమని పళ్ల డాక్టరు దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లండి.

మందు. వారానికోసారి తాగేవాళ్లు ఆపేస్తే ఏమీ కాదు. రోజూ, ఎక్కువగా, ఏళ్ల తరబడి తాగుతున్నవాళ్లు మాత్రం ఒక్కరోజులో సొంతంగా ఆపకండి. చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు మందులిచ్చి దించాలి. మత్తు మానడానికి సాయపడే జాతీయ నంబరు 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

"రాత్రి తాగింది పొద్దున్న పరుగులో చెమటగా పోతుంది" అనే మాట మైదానంలో ఇప్పటికీ వింటున్నాను. మందుని కరిగించేది లివరు, తన వేగంలో తాను. తాగిన మర్నాడు పరుగు వద్దు, నడక చాలు.

టీ కొట్టు. ఇది మా ఊరి సమస్య కాదు, అన్ని ఊర్లదీ. సిగరెట్టు కంటే ఆ బెంచీ, ఆ మనుషులు వదలడం కష్టం. నేను పది రోజులు వేరే వీధి నుంచి ఆఫీసుకి వెళ్లాను. కొట్టాయన ఒకరోజు దారిలో పట్టుకుని, "ఏటి బావూ, కనిపించడమే మానేసినావు" అన్నాడు. నిజం చెప్పేశాను. ఇప్పుడు నేను వెళితే టీ ఒక్కటే చేతికిస్తాడు, రెండోది అడగడు. దాచుకోకుండా చెప్పేస్తే సగం మంది మన వైపే ఉంటారు.

3. బూట్లు, బట్టలు

- బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పొడవైన కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా వదలాలి.
- కొట్లోనే పది అడుగులు పరిగెత్తి చూడండి. "వాడగా వాడగా వదులవుతుంది" అనే మాట నమ్మొద్దు. నేను నమ్మి, నల్లబడ్డ గోరుతో రెండు నెలలు తిరిగాను.
- క్రికెట్ బూట్లు, గుడికి వేసుకెళ్లే క్యాన్వాస్ బూట్లు పనికిరావు. రంగు, బ్రాండు ఎలా ఉన్నా ఫరవాలేదు.
- 500 నుంచి 800 కిలోమీటర్లకి మెత్తదనం పోతుంది. కొన్న తేదీ లోపలి నాలుక మీద పెన్నుతో రాసుకోండి.
- నూలు బనీను చెమటకి తడిసి బరువెక్కి రాసుకుంటుంది. తొందరగా ఆరే బట్ట మంచిది. ఆడవాళ్లకి బూట్లంత ముఖ్యం స్పోర్ట్స్ బ్రా.

స్మార్ట్ వాచీ మొదటి నాలుగు నెలలు అక్కర్లేదు. ఫోన్లో గడియారం చాలు.

4. ఎక్కడ, ఎన్నింటికి

మొదటి నాలుగు నెలలు మట్టి నేల మీద పరిగెత్తండి. విజయనగరంలో అయోధ్య మైదానం, శ్రీకాకుళంలో ఆర్ట్స్ కాలేజీ మైదానం లాంటివి. మట్టి మంచిదనడానికి మెత్తదనం ఒక్కటే కారణం కాదు. ఎక్కడ ఆగిపోయినా ఇల్లు దగ్గరే ఉంటుంది, చుట్టూ మనుషులుంటారు. ఒకే వైపు చుట్లు కొడితే ఒకే కాలు మీద భారం పడుతుంది కాబట్టి రోజుకోవైపు తిరగండి.

తర్వాత రోడ్డు. ఎదురుగా వచ్చే బళ్లు కనబడేలా కుడివైపు అంచున పరిగెత్తాలి. చీకట్లో తెల్లని లేదా మెరిసే చొక్కా ఉండాలి. చెవుల్లో పాటలు వద్దు. తెల్లవారుజామున లారీవాళ్లు నిద్రమత్తులో ఉంటారు.

వేళ పొద్దున్నే. మన వైపు సూర్యుడు తొందరగా వస్తాడు, మే నెలలో ఆరు గంటలకే ఎండ చురుక్కుమంటుంది. మార్చి నుంచి జూన్ దాకా ఐదింటికల్లా మొదలుపెట్టి ఆరున్నరకి ముగించండి. సముద్రపు గాలి తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి రోజు అదే దూరానికి ఎక్కువ సమయం పడుతుంది. అది మీ బలహీనత కాదు.

అక్టోబర్, నవంబర్లలో తుపాను హెచ్చరిక ఉంటే ఆ రోజు లెక్కలోంచి తీసేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చిన నెల అక్టోబరే. గాలి తగ్గిన మర్నాడు కూడా రోడ్డు మీద తెగిన కరెంటు తీగలు, విరిగిన కొమ్మలు ఉంటాయి.

కుక్క వెంటపడితే పరుగు ఆపి నిలబడండి. కళ్లలోకి చూడకుండా, వీపు చూపకుండా నెమ్మదిగా పక్కకి జరగండి. కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రిలో వ్యాక్సిన్ వేయించుకోండి. పసుపు, కారం అద్దకండి.

5. మొదటి నాలుగు వారాలు: నడక మాత్రమే

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే. దాటేసినవాళ్లే రెండో నెలలో నొప్పులతో వస్తారు.

- 1వ వారం: రోజుకి 20 నిమిషాలు, ఐదు రోజులు.
- 2వ వారం: 30 నిమిషాలు.
- 3వ వారం: 40 నిమిషాలు, మధ్యలో పది నిమిషాలు చురుగ్గా.
- 4వ వారం: 45 నిమిషాలు, మధ్యలో ఇరవై నిమిషాలు చురుగ్గా.

వీటితోపాటు వారానికి రెండు రోజులు, ఇంట్లోనే పావుగంట:

- మెట్టు అంచున ముందుపాదాల మీద నిలబడి మడమలు పైకెత్తి, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా దించడం. 12 సార్లు, మూడు విడతలు.
- గోడకి వీపు ఆనించి కుర్చీ ఉన్నట్టు కూర్చోవడం. 30 సెకన్లు, మూడు సార్లు.
- వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం. 15 సార్లు, రెండు విడతలు.
- ఒంటికాలి మీద నిలబడటం, ఒక్కో కాలికి నిమిషం. పళ్లు తోముకుంటూ చేయొచ్చు.

మొదటి వ్యాయామాన్ని ఎట్టి పరిస్థితుల్లో వదలకండి. పరుగులో మడమకీ పిక్కకీ పడే భారానికి అదే మందు.

6. నడక–పరుగు: 5 నుంచి 16 వారాలు

వారానికి మూడు రోజులే పరుగు. మంగళ, గురు, ఆదివారాలు అనుకోండి. మధ్యలో రెండు రోజులు మామూలు నడక, రెండు రోజులు విశ్రాంతి. ప్రతిసారీ ముందు పది నిమిషాలు, చివర ఐదు నిమిషాలు నడవాలి.

- 5, 6 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక. 8 సార్లు.
- 7, 8: 2 నిమిషాలు పరుగు, 2 నడక. 6 సార్లు.
- 9, 10: 4 పరుగు, 2 నడక. 5 సార్లు.
- 11, 12: 7 పరుగు, 2 నడక. 3 సార్లు.
- 13, 14: 12 పరుగు, 2 నడక. 2 సార్లు.
- 15, 16: ఆగకుండా 25 నుంచి 30 నిమిషాలు.

ఏ వారమైనా కష్టంగా అనిపిస్తే అదే మళ్లీ చేయండి. సులువుగా అనిపించినా ముందుకి దూకకండి.

వేగానికి ఒకటే కొలత. పరిగెడుతూ ఇంటికి తేవాల్సిన కూరల జాబితా మొత్తం పైకి చెప్పగలగాలి. "వంకాయలు, బెండకాయలు..." దగ్గర ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. పక్కన నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటిపోతే పోనీండి. నన్ను ఒక రిటైర్డ్ మాస్టారు చేతికర్ర ఊపుకుంటూ దాటారు, మూడు వారాలు వరసగా.

పాదం ఎలా వేయాలి అని అతిగా ఆలోచించొద్దు. అడుగు చిన్నదిగా వేయండి, పాదం మీ ఒంటి కిందే పడాలి, చాలా ముందుకి సాచొద్దు. భుజాలు వదులుగా, పిడికిళ్లు బిగించకుండా. ఇంతే.

7. అరగంట నుంచి 21 కిలోమీటర్లకి

ఇక్కడినుంచి వారంలో రెండు పరుగులు అరగంట నుంచి నలభై నిమిషాలే. ఆదివారం పరుగు ఒక్కటే పొడవు పెరుగుతుంది. మూడు వారాలు పెంచి, నాలుగో వారం తగ్గించాలి. ఆ తగ్గించే వారంలోనే కాళ్లు బాగుపడతాయి.

ఆదివారం దూరాలు, కిలోమీటర్లలో:

- 17–20 వారాలు: 5, 6, 7, 5
- 21–24: 7, 8, 9, 6
- 25–28: 9, 10, 11, 8
- 29–32: 11, 12, 13, 10
- 33–36: 13, 14, 15, 11
- 37–40: 16, 17, 18, 13
- 41వ వారం: 8. 42వ వారం: హాఫ్ మారథాన్, అంటే 21.1.

మొత్తం పది నెలలు. సంక్రాంతి పిండివంటలు అయిపోయాక మొదలుపెడితే నడిచేది చలికాలంలో, చిన్న పరుగులు ఎండల్లో, పొడవైనవి ఆగస్టు తర్వాత పడతాయి. వైజాగ్ బీచ్ రోడ్డు మీద జరిగే నేవీ మారథాన్ సాధారణంగా నవంబర్, డిసెంబర్లలో ఉంటుంది. లెక్క సరిగ్గా కుదురుతుంది. మేలో ఉత్సాహం వచ్చి మొదలుపెట్టినవాళ్లు జూన్‌కే మానేయడం చాలాసార్లు చూశాను.

పన్నెండు దాటే ఆదివారాలకి నా పద్ధతి: నెల్లిమర్ల మీదుగా రామతీర్థం దాకా ఒకవైపే పరుగు, తిరుగు ప్రయాణం బస్సో ఆటోనో. వెనక్కి పరిగెత్తాలన్న టెన్షన్ ఉండదు, చివర రాముడి దర్శనం. జేబులో వంద రూపాయలు, ఆధార్ నకలు, ఇంటి నంబరు రాసిన చీటీ ఉండాలి. మీరు ఏ దారిన వెళుతున్నారో ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర వారంలో మాత్రం పొడవు పరుగు పెట్టుకోకండి. ముందురోజు తొలేళ్ల నుంచే ఊరంతా జనం, కోట వైపు అడుగు పెట్టడానికి చోటుండదు. ఆ వారాన్ని తగ్గించే వారంగా మార్చుకోండి.

8. తిండి, నీళ్లు

డైట్ పుస్తకాలు అక్కర్లేదు. మన వంటింట్లోనే సరిపడా ఉంది.

పరుగుకి ముందు: అరగంట లోపు పరుగైతే గ్లాసుడు నీళ్లు చాలు. గంట దాటేదైతే ముప్పావుగంట ముందు ఒక అరటిపండు, లేదా పల్చటి చోడి (రాగి) అంబలి అరగ్లాసు. షుగరు మందులు వాడేవాళ్లు ఖాళీ కడుపుతో పరిగెత్తకండి. మోతాదు మార్చాలా అని డాక్టర్ని అడగండి, జేబులో చక్కెర ఉంచుకోండి.

మధ్యలో: గంటంపావు దాటే పరుగుల్లో అరగంటకోసారి కాస్త తీపి కావాలి. సగం అరటిపండు, రెండు ఖర్జూరాలు, చిన్న బెల్లం ముక్క, ఏదైనా సరే. రేసు రోజున తినబోయేది ముందు ఆదివారాల్లో తిని చూడాలి.

తర్వాత: అరగంటలో గుడ్లు, పెసరట్టు, పప్పన్నం, చేప, ఏదో ఒక మాంసకృత్తులున్న తిండి. ఎండాకాలంలో తరవాణి, మజ్జిగ, కొబ్బరినీళ్లు బాగుంటాయి. కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఉప్పూ కొబ్బరినీళ్లూ ఎంతవరకో డాక్టర్ని అడిగి తీసుకోవాలి.

ఇంట్లో చేసుకునే ఓఆర్ఎస్: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు గీసిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. చేతి అంచనాతో ఉప్పు వేయొద్దు.

ఎన్ని నీళ్లు తాగాలో తెలియాలంటే పరుగుకి ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు పోయినట్టు. బరువు పెరిగిందంటే నీళ్లు అతిగా తాగారన్నమాట. అది కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది.

సిగరెట్టు మానినవాళ్లకి ఆకలి పెరిగి చాలామందికి నాలుగైదు కిలోలు ఎక్కుతాయి. నాకూ ఎక్కాయి. మిక్చరు, బజ్జీల బదులు వేయించిన శనగలు జేబులో పెట్టుకున్నాను. మొదటి మూడు నెలలు బరువు తగ్గించాలని కడుపు మాడ్చుకోకండి. సిగరెట్టు, తిండి రెండింటితోనూ ఒకేసారి యుద్ధం పెట్టుకుంటే ఓడిపోయేది సిగరెట్టు దగ్గరే.

9. నొప్పులు, తప్పులు, మరమ్మతులు

ముందు తేడా తెలుసుకోవాలి. రెండు కాళ్లలో ఒకేలా, కండలో, పచ్చిగా ఉండి రెండు రోజుల్లో పోయే నొప్పి మామూలుది. ఒకే కాలిలో, ఒకే చోట, వేలితో చూపించగలిగే నొప్పి ఆపమని చెబుతున్నట్టు.

మోకాలి కింద ముందెముక నొప్పి. కొత్తవాళ్లలో అతి మామూలు. దూరం తొందరగా పెంచారు, లేదా మట్టి వదిలి సిమెంటు మీదికి వెళ్లారు. రెండు వారాలు పరుగు మానేసి నడవండి. రోజుకి రెండుసార్లు పది నిమిషాలు బట్టలో చుట్టిన ఐసు పెట్టండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు రెండు వారాల వెనకటి పట్టికనుంచి. ఎముక మీద ఒకే బిందువు దగ్గర నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే ఎముకలో సన్న చీలిక ఉండొచ్చు, ఎక్స్‌రే, డాక్టరు తప్పవు.

పొద్దున్న మంచం దిగగానే మడమలో సూది. ఇది నాకు పద్నాలుగో వారంలో వచ్చింది. ఆ వారం కాళ్లు తేలిగ్గా ఉన్నాయని పన్నెండు నిమిషాల బదులు ఒకేసారి నలభై నిమిషాలు పరిగెత్తాను, సొంత తెలివి. మర్నాడు గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్లాను. ఐదు వారాలు పోయాయి. మంచం మీదే కాలివేళ్లు చేత్తో వెనక్కి లాగి పది లెక్కపెట్టి, పది సార్లు చేశాకే కింద అడుగు పెట్టేవాణ్ని. గడ్డకట్టించిన నీళ్ల సీసా పాదం కింద పెట్టి దొర్లించాను. ఇంట్లో గచ్చు మీద వట్టికాళ్లతో తిరగడం మానేసి మెత్తటి చెప్పులు వేసుకున్నాను. మడమలు దించే వ్యాయామం వదల్లేదు. తగ్గింది.

మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు ఎక్కువైతే తొడ, పిరుదుల కండలు బలహీనంగా ఉన్నట్టు. గోడ కుర్చీ, నడుము ఎత్తడం వారానికి మూడు రోజులు చేయండి. అడుగు ఇంకా చిన్నది చేయండి. మోకాలు వాచినా, పట్టేసి మడత పడకపోయినా ఆర్థోపెడిక్ దగ్గరికి.

తొడల మధ్య, చంకల్లో, చనుమొనల దగ్గర రాపిడి. వాసెలిన్ గానీ కొబ్బరినూనె గానీ పరుగుకి ముందే రాయాలి. తర్వాత రాస్తే మంట తప్ప ఏమీ లేదు.

పక్కటెముకల కింద పోటు. తిన్న వెంటనే పరిగెత్తారు, లేదా మొదట్లో వేగం ఎక్కువైంది. నడకకి దిగి, నోటితో పూర్తిగా గాలి వదలండి.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం. ఇది మరమ్మతు లేని తప్పు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పరుగుకి ముందు వద్దే వద్దు. ఒళ్లు ఎండిన స్థితిలో అవి కిడ్నీలకి రక్తం తగ్గిస్తాయి. పైగా నొప్పి తెలియక దెబ్బ పెద్దదవుతుంది. పొడవైన పరుగు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

జ్వరంలో పరుగు. జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్నప్పుడు పూర్తిగా ఆపాలి. డెంగీ, మలేరియా వచ్చి తగ్గాక డాక్టరు సరేనన్నాకే, అదీ నడకతో.

10. తప్పిపోయిన రోజులకి లెక్క

- మూడు నాలుగు రోజులు పోతే ఏమీ చేయక్కర్లేదు, పట్టిక కొనసాగించండి.
- వారం పోతే అదే వారం మళ్లీ.
- రెండు మూడు వారాలు పోతే పోయినన్ని వారాలు వెనక్కి.
- నెల దాటితే ఒక వారం ఉత్త నడక, తర్వాత పట్టికలో సగం నుంచి.

సిగరెట్టు ఒకటి జారితే? జారుతుంది. నాది కనుమ రోజు జారింది, బావమరుదుల మధ్య, డాబా మీద. "ఎలాగూ కాల్చాను కదా" అని మిగతా పెట్టె కొనడంలోనే అసలు ప్రమాదం ఉంది. ఆ ఒక్కదాంతో ఆపి, మర్నాడు పొద్దున్నే నడకకి వెళ్లండి. పెళ్లిళ్లకి, పండగలకి వెళ్లేముందే ఎవరి పక్కన కూర్చోవాలో నిర్ణయించుకోండి. నేనిప్పుడు మామయ్యగారి పక్కన కూర్చుంటాను. ఆయన ముందు ఎవరూ వెలిగించరు.

11. రేసు ముందురోజు, రేసు రోజు

- కొత్తది ఏదీ వద్దు: బూట్లు, మేజోళ్లు, తిండి, పరుగులో తినే తీపి జెల్లు, ఏవీ.
- ముందురాత్రి కారం, నూనె తగ్గించి అలవాటైన అన్నం, పప్పు. బిర్యానీ రేసు తర్వాత.
- వైజాగ్‌లో రేసైతే ముందురోజు సాయంత్రానికే అక్కడికి చేరండి. తెల్లవారుజామున రైలు పట్టుకుని పరిగెత్తాలనుకోవద్దు.
- నంబరు కాగితం, పిన్నీసులు, బూట్లు, వాసెలిన్ రాత్రే ఒకచోట పెట్టుకోండి.
- మొదటి ఐదు కిలోమీటర్లు కూరల జాబితా వేగంలోనే. జనం దాటిపోతుంటారు. వాళ్లలో చాలామంది పదిహేనో కిలోమీటరు దగ్గర మళ్లీ కనిపిస్తారు.
- నీళ్ల బల్ల దగ్గర నడుస్తూ తాగండి. నడిచినందుకు ఎవరూ మార్కులు తగ్గించరు.
- గీత దాటాక కూలబడకండి. పది నిమిషాలు నడిచి, తడి బనీను మార్చుకుని, ఏదో ఒకటి తినండి.

తర్వాత వారం రోజులు పరుగు లేదు, నడక మాత్రమే. మర్నాడు మెట్లు దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగి దిగండి. తొడలు తక్కువ ఏడుస్తాయి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.